ఇద్దరి పేర్ల మీద ఒక్క ఇల్లు

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లగా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరుతున్న రోజుల్లో, షేక్‌పేట బాలమణి ఒక సంగతి కనిపెట్టింది. తెర మీద నడుము దాటి ఊగే జడల్లో సగానికి సగం అబద్ధం. ఆ అబద్ధం అల్లడం తనకు వచ్చు. పెళ్లికూతుళ్లకు సవరాలు కట్టే మేనత్త మల్లమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకుంది. ఇంకేం, జూబ్లీహిల్స్ బంగళాల్లో షూటింగులకు హెయిర్ డ్రెస్సరుగా కుదురుకుంది. నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది. ఎంత గొప్ప హీరోయిన్ అయినా తల కదిపితే, "జర సక్కగ కూసో తల్లీ, నీ నెత్తి నువ్వే ఎత్కపోతవా ఏంది?" అని గడుసుగా ఒక మాట అనేది.

1984లో ఒక బంగళాలో పెళ్లిచూపుల సీను. పెళ్లికూతురి పిన్ని వేషంలో శ్యామలాదేవి అనే రేపల్లె మనిషి కాఫీ ట్రే పట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో, బాలమణి పెట్టిన సవరం భుజం మీంచి జారి వచ్చి ట్రేలో పడింది. "ఈ జడ వేసిందెవరు?" అని డైరెక్టరు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. బాలమణి దువ్వెన కొంగులో దాచుకుంది. శ్యామలాదేవి తాపీగా ట్రే కింద పెట్టి, "దురద పెడితే నేనే లాక్కున్నానండీ" అంది.

ఆ దెబ్బతో ఆమెకు వేషాలు రావడం మానేశాయి. గొంతు మంచిది కాబట్టి డబ్బింగులో చేరి, తెర మీద వాళ్ల తల్లులకూ వీళ్ల వదినెలకూ మాట అరువిస్తూ నిలదొక్కుకుంది. బాలమణి మాత్రం ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక, మర్నాడు గిన్నెలో సర్వపిండి పెట్టుకుని ఆమె గదికి వెళ్లింది. వెళ్లగా వెళ్లగా, ఆ ఏడాది తిరక్కుండానే ఇద్దరిదీ ఒకే పొయ్యి అయింది.

రహమత్ నగర్‌లో అద్దెకు దిగారు. "మీరిద్దరు ఏమైతరు?" అని ఇంటావిడ నీలమ్మ మొదటి రోజే అడిగింది. అక్కచెల్లెళ్లమని చెప్పారు. "ఆమె ఏంటి అంటది, నువ్వు ఏంది అంటవు. ఏ తల్లి కన్నదమ్మా మిమ్ముల?" అని నీలమ్మ బుగ్గన వేలేసుకుంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. నల్లా దగ్గర తగవు పెట్టుకోని కిరాయిదార్లు దొరకడమే గగనం మరి.

నిజం చెప్పాలంటే వాళ్లు అక్కచెల్లెళ్లూ కాదు, ఉత్త స్నేహితురాళ్లూ కాదు. మొగుడూ పెళ్లాలు ఎలా కాపురం చేస్తారో అలాగే చేశారు. అలిగారు, బతిమాలుకున్నారు, ఒకరికి జ్వరం వస్తే మరొకరు పనికి నాగా పెట్టారు. గోంగూరలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నది పన్నెండేళ్లయినా తేలలేదు. ఈ కాపురాన్ని ఏమంటారో వాళ్లకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. లోకం నోట్లో పడకూడదన్న భయం మాత్రం శ్యామలకు నిలువెల్లా ఉండేది. బాలమణికి ఆ భయం ఇసుమంతైనా లేదు. వాళ్ల పోట్లాటలన్నీ అక్కడే మొదలయ్యేవి.

1996లో సినిమా పనివాళ్లంతా కలిసి పెట్టుకున్న ఇళ్ల సంఘానికి, షేక్‌పేట అవతల రాళ్ల గుట్ట మీద నూట ఇరవై ఇళ్లు తయారయ్యాయి. బాలమణి హెయిర్ డ్రెస్సర్ల తరఫున సభ్యురాలు, శ్యామల డబ్బింగు వాళ్ల తరఫున. దరఖాస్తు పెట్టడానికి బాలమణి ఒక్కతే వెళ్లింది. సంఘం గుమాస్తా నియమాలు గడగడా చదివేశాడు. విడివిడి సభ్యులకు తలా ఒక ఇల్లు, వాళ్ల తదనంతరం ఆ ఇల్లు రక్తసంబంధీకులకు. దంపతులిద్దరూ సభ్యులైతే ఇద్దరి పేర్ల మీదా కలిపి ఒక్కటే ఇల్లు, ఒకరు పోతే రెండో వాళ్లది, మధ్యలో ఎవరూ అడగడానికి లేదు.

బాలమణి ఇంకోసారి చదివించుకుంది. ఆమెకు షేక్‌పేటలో బాలనర్సయ్య అని ఒక తమ్ముడు ఉన్నాడు. అక్కను చూడటానికి ఎన్నడూ రాడు గానీ, ఇళ్లు వస్తున్నాయని తెలిసిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు వచ్చి గోడలు ఎంత మందమో అడిగి పోతున్నాడు. తను ఉన్నట్టుండి కన్నుమూస్తే వాడు శ్యామల సామాను బయట పెట్టడానికి పెద్దకర్మ దాకా కూడా ఆగడు. అందుకే, "గా రెండో తీరుది మాకు రాయి" అంది. గుమాస్తా తల ఎత్తకుండానే దంపతుల ఫారం ఇచ్చాడు. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని డబ్బింగ్ థియేటర్‌కు పరుగెడుతున్న శ్యామల చేత గుమ్మంలోనే సంతకం పెట్టించింది. అదేమిటో చదివి మాత్రం వినిపించలేదు. తప్పే. ఆ సంగతి బాలమణికీ తెలుసు.

సంగతి పది రోజుల్లో బయటపడింది. సంఘం కార్యదర్శి బసవపున్నయ్య పాత ప్రొడక్షన్ మేనేజరు, ఎంత కష్టమైన కబురైనా ఎదుటి మనిషి నొచ్చుకోకుండా చెప్పగలడు. శ్యామలను పిలిచి, "ఫారం పొరపాటున మారినట్టుందమ్మా. ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఒక దిద్దుబాటు కాగితం చదివి సంతకం పెట్టండి. మీ రెండిళ్లూ మీకొస్తాయి" అన్నాడు.

శ్యామల ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా అందుకుంది.

"ఏంటే బాలా నువ్వు చేసిన పని? వచ్చే ఇంటిని కాలదన్ని, ఊళ్లో వాళ్ల నోట్లో పెట్టావా నన్ను?"

"రెండిండ్లు ఏం జేస్కుంటం? ఒక దాంట్ల వండుకోని ఇంకోదాంట్ల తింటమా?"

"వేళాకోళం వద్దు. దంపతులమని రాస్తావా? మనకు పెళ్లయిందా?"

"కాలే. చేస్కుంటమంటె ఎవరు చేస్తరు?" అంది బాలమణి. "మొగుడు తన్నినా తగలేసినా గాళ్లకు కాయిదం ఉంటది. పన్నెండేండ్ల సంది మంచిగున్న మనకు ఉండదు. గిదేం కానూను?"

శ్యామల చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. మూడు రోజుల పాటు కూరలో ఉప్పెక్కువైందని కూడా అనలేదు. బాలమణికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. నాలుగో రోజు తనే దిగొచ్చి, "సరే తియ్, గా కాయిదం చదువుకో. నేను నోరిప్పను" అని ఒట్టు వేసింది. ఒట్టయితే వేసింది గానీ, ఆ రాత్రంతా కూర్చుని ఇంట్లో ఉన్న సవరాలన్నీ విప్పి మళ్లీ అల్లింది.

ఆదివారం పొద్దున ఫిల్మ్ నగర్‌లో ఒక షెడ్డులో సమావేశం. లైట్‌మెన్, కార్పెంటర్లు, డ్యాన్సర్లు, డ్రైవర్లు, అంతా కలిపి నూరు మందికి పైనే వచ్చారు. వరసగా ఒకటో అంశం, రెండో అంశం అయ్యాక బసవపున్నయ్య శ్యామలను ముందుకు పిలిచి కాగితం చేతికిచ్చాడు. ఆడిటు వాళ్లు వేలు పెట్టకుండా గట్టిగా ఉండాలని తనే రాసిపెట్టాడు పాపం. బాలమణి వెనక వరసలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నేను, శ్యామలాదేవి, డబ్బింగు కళాకారిణిని," అని మొదలుపెట్టింది శ్యామల. గొంతు గంటలా ఉంది. "సంఘ సభ్యురాలు శ్రీమతి బాలమణితో నాకు..."

అక్కడ ఆగింది. ఎవరో దగ్గారు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. "శ్రీమతి బాలమణితో నాకు..." మళ్లీ అక్కడే ఆగింది. మైకు ముందు నిలబడితే ఒక్క టేకులో డైలాగు చెప్పే మనిషి, నీళ్లు తాగి మూడోసారి మొదలుపెట్టింది. కాగితంలో ఆ పైన ఉన్నది ఇంతే: ఎటువంటి సంబంధమూ లేదు.

శ్యామల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఈ ముక్క నేను చెప్పలేనండీ, బసవపున్నయ్యగారూ. ఫారంలో పొరపాటేం లేదు. ఆవిడా నేనూ పన్నెండేళ్ల నుంచి ఒకే కాపురం. మాకు ఒక్క ఇల్లే ఇవ్వండి."

వెనక నుంచి ఒక కుర్ర డ్యాన్సరు కిసుక్కున నవ్వాడు గానీ, పక్కనున్న కార్పెంటరు చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే ఆరిపోయింది. బసవపున్నయ్య కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "అది కాదమ్మా, దంపతులంటే చట్టంలో..." అని నసిగాడు.

అప్పుడు లేచింది రాజమ్మ. షూటింగ్ ఫ్లోర్లు ఊడ్చే మనిషి. వెయిటింగ్ లిస్టులో ఆమెదే మొదటి పేరు.

"సారూ, గీళ్లు ఒక్కటే ఇల్లు తీస్కుంటె ఇంకోటి నాకొస్తదా?"

"వస్తుంది."

"అయితే గీళ్లు జంటనే!" అని రాజమ్మ చెయ్యెత్తింది. "నేను రోజూ చూస్తనే ఉన్న గద. గామె టీ తాగకుంటె గీమె తాగదు. గింతకన్న ఏం గావాలె?"

షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే చేతులు లేచాయి. కొన్ని రాజమ్మ కోసం, కొన్ని సరదాకి, కొన్ని పక్కవాళ్లు ఎత్తారని, కొన్ని నిజంగానే. బాలమణికి అవన్నీ మసక మసగ్గా కనపడ్డాయి. ఆమె జీవితంలో అంత సంతోషం ఎన్నడూ ఎరగదు. తీర్మానం నెగ్గిందని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లను జంటగా ఒప్పుకున్న ఆ పనికి ఏ దేశంలో ఏ పేరు పెట్టారో ఆ నూరు మందిలో ఒక్కరికీ తెలియదు. తొందరగా ముగిస్తే ఇంటికి పోయి అన్నం తినొచ్చని చూస్తున్నారు.

అందరూ వెళ్లాక బసవపున్నయ్య ఇద్దర్నీ పక్కకు పిలిచాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"మీ దగ్గర దాచడమెందుకమ్మా. ఈ తీర్మానం మన సంఘం గేటు వరకే. రేపు మీలో ఒకరికి ఏమన్నా జరిగి, అన్నదమ్ములెవరన్నా కోర్టుకెక్కితే ఇది చిత్తు కాగితం కింద లెక్క. మీలాంటి వాళ్లకు పెళ్లని చట్టం వస్తే తప్ప నేను చేయగలిగింది లేదు."

బాలమణి మొహం పాలిపోయింది. శ్యామల ఆమె చెయ్యి పట్టుకుంది. పన్నెండేళ్లలో నలుగురు తిరిగే చోట ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"దానికేముందండీ," అంది. "చట్టం వచ్చేదాకా ఇద్దరం చావకుండా ఉంటాం."