రాజలింగం మేస్త్రీ పోయించిన ఎర్ర నీళ్లు

గోడకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడం రాజలింగం మేస్త్రీ పని. ముంబై కామాఠీపుర పదో గల్లీలోనే కాదు, వర్లి చాళ్లలో, అంటే వరస గదుల మేడల్లో, గోడ ఉబ్బినా ఆయన్నే పిలుస్తారు. వచ్చి, గోడకు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, రాలిన సున్నాన్ని వాసన చూసి తీర్పు చెబుతాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదని పేరు. తప్పే వీలుంటే కదా! ఆయన వేలు చూపించాక చుట్టూ నాలుగడుగులు పగలగొట్టి, పైపులన్నీ మార్చి, కొత్తగా సిమెంటు పూస్తారు. ఏది కారణమైనా చెమ్మ ఆగుతుంది. పేరు మాత్రం మేస్త్రీ వేలికి వస్తుంది.

ఫిబ్రవరిలో రెండో అంతస్తు భూదేవి ఇంటి కప్పు కారడం మొదలైంది. మేస్త్రీ వచ్చి, వాసన చూసి, పైకి చూపించాడు. పైన ఉండేది గంగాబాయి. డెబ్బై ఏళ్లు, రెండు మోకాళ్లూ పోయాయి. గది మూలకు గట్టు కట్టుకున్న మోరీలోనే ఆమె స్నానం. చాళ్ కమిటీ సెక్రటరీ ప్రవీణ్ వెంటనే తేల్చేశాడు: ఆదివారం మోరీకి సిమెంటు వేసి మూసేస్తాం, ముసలమ్మ కింద నల్లా దగ్గర చేసుకోవచ్చు.

"మూడంతస్తులు దిగి తానం చేసి, మళ్ల ఎక్కేసరికి చెమటలు పట్టి ఇంకో తానం చెయ్యాలె. గంతకంటే నన్నే సిమెంటేసి మూసెయ్యున్రి" అంది గంగాబాయి.

ఆమె మనవరాలు స్నేహల్ దాదర్‌లో రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మేస్త్రీని గదుల ముందు గ్యాలరీలోనే పట్టుకుంది.

"తాతా, నానీ మూడు రోజుల నుంచి మోరీల నీళ్లే పోస్తలేదు. అయినా కారుతుంది కదా?"

"పాత నీళ్లు. లోపల నిలిచినయ్."

"రేపు ఆగిపోతే?"

"చూసినవా, పొయ్యలేదు కాబట్టే ఆగింది."

"పెరిగితే?"

"దొంగతనంగ పోసింది."

"అరే వా! ఆగినా నువ్వే కరెక్టు, కారినా నువ్వే కరెక్టు. ఇది థియరీ కాదు తాతా, ఉత్త గప్పా. నీ మాట తప్పైతే ఏం కనబడాలె? అది చెప్పు ముందు."

ముప్పై ఏళ్లుగా మేస్త్రీని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆయనా వేసుకోలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలోనే అందరూ వినేలా అనేశాడు:

"మోరీ తూము గుడ్డతోని మూసి, హోలీ రంగు కలిపి నింపున్రి. శనివారం పొద్దుగూకేలోపు భూదేవి కప్పుకు ఎరుపు దిగాలె. దిగకుంటే నాది తప్పు!"

గురువారం పొద్దున మడమ లోతు ఎర్ర నీళ్లు నింపారు. శుక్రవారానికి కప్పు కారుతూనే ఉంది, తెల్లగా. శనివారం సాయంత్రం మేస్త్రీ స్టూలెక్కి, చుక్కను వేలిమీద పట్టుకుని, ట్యూబులైటు కింద పెట్టి చూశాడు. శుభ్రమైన నీళ్లు. పైన మోరీలో నీళ్లు, రంగు వేసిన గీత నుంచి ఒక్క వేలు కూడా దిగలేదు.

వంకలు వరసగట్టి వచ్చాయి. ఇటుక రంగును వడగట్టిందని. చల్లటి రోజులని. ఇంకో వారం పడుతుందని. ఒక్కొక్కటీ నాలుక దాకా వచ్చింది. పైగా ప్రవీణ్ పక్కనే నిలబడి అందిస్తున్నాడు: "రంగు ఇంకిపోయుంటది మేస్త్రీ, అంతే కదా? సిమెంటు తెప్పించిన."

అంతే అంటే చాలు, పేరు మిగులుతుంది. ముసలమ్మ రోజూ మూడంతస్తులు దిగుతుంది.

స్నేహల్ ఎగతాళి చేసినా బాగుండేది, తిట్టి తప్పించుకునేవాడు.

మేస్త్రీ స్టూలు దిగాడు. "మోరీ కాదు. నేను చెప్పింది తప్పు."

గుమ్మం బయట గ్యాలరీ అంతా ఆయన బట్టలిప్పి నిలబడ్డట్టు చూసింది.

"మరేంది?" అంది భూదేవి.

"తెల్వదు."

"తెల్వదా? ముప్పై ఏండ్లు మా గోడల వాసన చూసి తెల్వదంటవేంది మామా? నా పరుపు నానుతుంది!"

"మోరీ కాదని తెలిసింది గదా."

"తెలిస్తే ఎండుతదా?"

మేస్త్రీ జేబులోంచి పెన్సిలు తీసి మళ్లీ స్టూలెక్కాడు. కప్పుమీద చెమ్మ అంచు వెంబడి గీత గీసి తేదీ వేశాడు. "ట్యాంకు నుంచి ప్రవీణ్ ఇంటికి పొయ్యే పైపు ఈ గోడల్నే ఉంది. రెండు రోజులు దాని వాల్వు బంద్ చెయ్యాలె. సోమవారం పొద్దుగూకేదాంక చెమ్మ ఈ గీత దాటితే మళ్ల నాదే తప్పు."

ప్రవీణ్ ముఖం మారింది. "పాగల్ అయినవా? గిప్పుడే తప్పన్నవు, మళ్ల నా పైపంటవా? నీ మాటకు విలువేంది ఇంక?"

"అందుకే బంద్ చేసి చూద్దామంటున్న."

"రెండు రోజులు నీళ్లు లేకుంట నా ఇంట్ల ఎట్ల?"

"కింద నల్లా ఉంది గదా బేటా," అంది పైమెట్టు మీద కూర్చున్న గంగాబాయి. "నీకు మోకాళ్లు మంచిగనే ఉన్నయ్."

ఈ లోపు భూదేవి కొంగు నడుముకు దోపి, గ్యాలరీ చివర ఆ పైపు వాల్వు దగ్గరికి నడిచి, రెండు చేతులా తిప్పేసింది. ప్రవీణ్ ఇంటి లోపలి నుంచి అతని భార్య మమత గొంతు వినబడింది:

"ఏమయ్యో, నల్లా బంద్ అయ్యిందేంది? నెత్తిమీద సబ్బుంది!"