మామగారి తుపాకికి కొత్త బోల్టు

బాగున్న వస్తువును బాగుచేసి పాడుచేసే విద్య ఒకటుంది. అందులో నా పాండిత్యం చూసి మా మామగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఘనకార్యం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

తొంభైల చివరి మాట. హోసూరు ఫ్యాక్టరీలో ఫిట్టరును, కృష్ణగిరి దగ్గర మామగారింటికి కొత్త అల్లుణ్ణి. ఆ ఇంటి గోడకు మామగారి నాయన పటాలం నుంచి తెచ్చిన తుపాకి వేలాడుతుండేది. గొట్టంలో సీసం పోసి మూసేశారు గనుక బొద్దింకలు కూడా దాన్ని లెక్కచేసేవి కావు. పాత తుపాకులు సేకరించే బెంగుళూరు పెద్దమనిషి ఒకాయన ఆయుధపూజ మరునాడు వచ్చి చూస్తానన్నారు. నచ్చితే ఆ పటాలం తాతగారి పేరు రాసి అద్దాల బీరువాలో పెడతారట. మామగారి ప్రాణమంతా ఆ పేరు మీదే.

ఆయుధపూజకు తుపాకి తుడిచే పని నాకు అప్పగించారు. తుడిచి ఊరుకుంటే నేను ఫిట్టరునెలా అవుతాను? తూటాను లోపలికి తోసే పిడి కడ్డీ, బోల్టంటారు, తుప్పు పట్టి కనిపించింది. మా ఫ్యాక్టరీ వేదం ఒకటే: అరిగింది తియ్, మెరిసేది పెట్టు. మామగారి ఊరి పక్కనే ఉన్న పోచంపల్లి వారపు సంతలో పాత ఇనుము అమ్మే ముసలాయన దగ్గర అలాంటిదే తళతళలాడేది దొరికింది. మన తుప్పుది ఆయనకిచ్చి, దాన్ని తెచ్చి బిగించి, పెళ్లికొడుక్కి పెట్టినట్టు బొట్టు పెట్టాను.

పెద్దమనిషి వచ్చి భూతద్దం తీశారు. గొట్టం చూసి తల ఊపారు. భుజానికి ఆనించే కట్టె చూసి తల ఊపారు. బోల్టు చూసి తల ఆపారు.

"అన్నిటి మీదా ఒకే నంబరుంది. దీనిమీద వేరే ఉండాదే! ఇది యాడిదప్పా?"

"సంతలోది సార్! పాతదానికన్నా బాగుంటాది," అన్నాను గర్వంగా.

"బాగుంటే ఎవురికి కావాల? తుప్పైనా దాంతో పుట్టిందే ఉండాల. కలవనివి నేను తీసుకోను. వచ్చే వారం వస్తా, పాతది దొరికితే చూద్దాం."

మామగారు నావైపు తిరిగారు. "మా నాయన బోల్టు యాడ పెట్టినావప్పా?"

"సంతలో... మార్చుకున్నాను మామా."

తుప్పుకు మందేస్తే తుపాకే పోయింది!

సంత రోజు రాగానే ఆ తళతళల బోల్టు ఊడదీసుకుని మళ్లీ పరుగెత్తాను. "అదా? టీ అంగడి ఆయమ్మ తీసకపోయింది, ఆడ చూడు," అన్నాడు ముసలాయన. చూశాను. తాతగారి బోల్టుతో ఆవిడ అల్లం దంచుతోంది!

"ఇయ్యను పోప్పా. ఈ రోలుకు ఇదే సరిజోడు. మారిస్తే టీ రుచి చెడిపోతాది."

"నంబరు చూడమ్మా, మా తుపాకిది!"

"మీ తుపాకి టీ కాస్తాదా?"

నాలుగు టీలు తాగి, ఆ తళతళల బోల్టు చేతిలో పెట్టి బతిమాలితే, మూతి విరుస్తూనే ఇచ్చింది.

అన్నట్టే పెద్దమనిషి మళ్లీ వచ్చి నంబర్లు సరిచూశారు, బోల్టును ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "అల్లం వాసనేందప్పా?" అన్నారు గానీ, తుపాకి తీసుకున్నారు. బీరువా మీద రాయాల్సిన పేరు మామగారి చేత రెండుసార్లు చెప్పించుకున్నారు.

మామగారు వారం తర్వాత నా ఎదుట నోరు విప్పారు. "తుపాకిలో అన్నీ కలిసినాయి సార్. ఇంట్లో కలవంది ఈ అల్లుడొకడే. ఆ బీరువాలో చోటుంటే ఈయన్ని గూడా తీసకపోండి."

"కలవనివి తీసుకోనని ముందే చెప్పినాను గదప్పా!"

అల్లం వాసన సాక్షిగా ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను: మామగారింట్లో స్క్రూడ్రైవరుకు బొట్టు పెడతాను, దండం పెడతాను, చచ్చినా చేత పట్టను.