దిష్టినీళ్ల ఎరుపు: మా నీలావతి లెక్క

ధర్మవరం మగ్గాల వీధి ఆడపిల్ల హిందూపురం పోయి, మగపిల్లల మధ్య కూర్చుని, స్కూలు ఫైనలు లెక్కల్లో అందరికన్నా ముందు నిలవడం మా నీలావతి కష్టపడి సాధించిన మొదటి గెలుపు. జ్వరంతోనే పరీక్ష రాసింది. నీలావతి, పట్టుకు రంగులు వేసే మా తమ్ముడు చిన్నప్ప కూతురు. పెనుకొండలో వ్యాసం చదివి వెండి పతకం కూడా తెచ్చింది. ఆపైన బెంగళూరు కాలేజీలో కెమిస్ట్రీ. మగా ఆడా కలిపి మా వీధి నుంచి ఆ చదువుకు పోయినది ఆమె ఒక్కతే.

ఆఖరి ఏడు ఒక రసాయన మార్పుకు యాక్టివేషన్ ఎనర్జీ లెక్కకట్టమన్నారు. ఏ మార్పు జరగాలన్నా ముందు ఒక గడప దాటాలట, ఆ గడప ఎత్తే ఇది. ఆమె ఎంచుకున్నది మన దిష్టినీళ్లు. పసుపులో సున్నం కలిస్తే వచ్చే ఎరుపు మెల్లగా వెలిసిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. ఏ వేడికి ఎంత తొందరో చూస్తే గడప ఎత్తు తెలుస్తుంది.

"ఎరుపు పోయేది చూసేకి బెంగళూరు పోవల్లనా? రంగుకుండ కాడ నేను రోజూ చూస్తాండా" అని చిన్నప్ప ఎగతాళి చేశాడు.

కానీ ఆ అంకెలతో కాగితం మీద గీస్తే తిన్నగా రావాల్సిన గీత రాలేదు. వేడి ఎక్కువైన చోటల్లా వంగింది. అది సరికాకపోతే డిగ్రీ లేదు, ఇంటికొచ్చి పట్టుదారం కండెలకు చుట్టుకోవడమే.

శివరాత్రికి దిగులుగా ఇల్లు చేరింది. తల్లి సిద్ధమ్మ వంటింట్లో ఎర్రనీళ్లు కలిపి, పళ్లెం వాకిట్లోకి మోసుకొచ్చి దిష్టి తీయబోయింది. నీలావతి పళ్లెం వైపే చూస్తూ నిలబడిపోయింది.

"అమ్మా, నేనూ నీ మాదిరే చేసినా. చల్లగా కలిపి, ఆనెంక తీస్కపోయి వేడినీళ్లలో పెట్టినా. అది వేడెక్కేలోపల పోయిన పొద్దు కూడా లెక్కలో పడె."

"కలపకుండా దిష్టి ఎట్ల తీస్తారే? తల ఆడించొద్దు, నిలబడు" అంది సిద్ధమ్మ.

తిరిగి వెళ్లి పసుపునీళ్లు, సున్నపునీళ్లు వేరువేరుగా వేడిచేసి అప్పుడు కలిపింది. గీత తిన్నగా వచ్చింది. గడప ఎత్తు తేలింది. పక్క గదిలో ఇంకొకరు చేసి చూసినా అదే అంకె. మద్రాసులో రంగుల పరిశోధనకు చోటు కూడా దొరికింది. అక్కడికి పోయేముందు, కడిగినా నిలిచే ఎరుపు గురించి చిన్నప్ప రంగుకుండల దగ్గరే చూడాలని ఇంటికి ఉత్తరం రాసింది. చిన్నప్ప ఇప్పుడు కుండలు తోమిస్తున్నాడు. నీలావతి ధర్మవరంలో దిగేది 1946 ఏప్రిల్ 18, గురువారం.