గెలుపు కోరని ప్రార్థన

ఘనపూర్ మండలంలోని ఆ ఊళ్లో నాటు వేయడానికైనా, పత్తి ఏరడానికైనా కూలీలు కావాలంటే రైతులు సరోజ ఇంటికే వస్తారు. యాభైకి దగ్గరపడిన మనిషి. మాట తక్కువ. భర్త నర్సయ్య ట్రాక్టర్ నడుపుతాడు.

ఆ జూన్‌లో వానలు వెనకపట్టు పట్టాయి. సర్పంచుల గడువు ముగిసి చాలా కాలమైనా ఎన్నికలు జరగలేదు. మంచినీళ్ల మోటరు కాలిపోతే ఎవరిని అడగాలో తెలియక ఆడవాళ్లు పొలం బావుల నుంచి నీళ్లు మోస్తున్నారు. అయినా నలుగురు కూడితే మాట ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం మీదికే పోయేది. డీజిల్ ధర పెరుగుతుందేమోనని నర్సయ్య దిగులుపడ్డాడు. హోటల్ ముందు కూర్చున్నవాళ్లు ఫోన్లలో క్షిపణులు పడటం చూస్తూ, ఎవరి మీద ఎన్ని పడ్డాయో క్రికెట్ స్కోరులా చెప్పుకునేవారు.

ఆదివారం మందిరంలో పాస్టర్ ఇమ్మానుయేల్, "ఇజ్రాయెల్ గెలవాలని మోకరించి ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆయనది దేవరుప్పుల, ఈ ఊరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అందరూ మోకరించారు. సరోజ కూర్చునే ఉంది.

"ఏందక్కా, పానం బాగలేదా?" అని అడిగాడు ఇమ్మానుయేల్.

"బాగనే ఉంది అయ్యగారూ. లడాయి ఆగాలె అనుండ్రి, మొక్కుత. ఒకలు గెలవాలని మాత్రం నాతోని గాదు."

"గిది రాజకీయం గాదక్కా. వాక్యంల ఉన్నది."

"వాక్యం మీకెరుక. మా నాయిన సంగతి నాకెరుక."

ఊళ్లో పెద్దవాళ్లకు తెలిసిన సంగతే అది. ఆమె నోట మాత్రం అంతవరకు ఎవరూ వినలేదు. అడవిలో నక్సలైట్ అన్నలు, ఊళ్లో పోలీసులు తిరిగే రోజుల్లో సరోజ చిన్నపిల్ల. తండ్రి మొగిలి తెల్లవారకముందే మడికి నీళ్లు కట్టడానికి పోయాడు. తల్లీకూతుళ్లు ఇంట్లో ఉండగా వాగు పక్కన కాల్పులు మొదలయ్యాయి.

"అవ్వ నన్ను గుంజి నీళ్ల గాబు ఎనుక కూసోబెట్టింది. చప్పుడు ఆగినంక పోయినం. నాయిన ఒడ్డు మీద బోర్ల పడి ఉన్నడు. పార చేతులనే ఉంది. ఎవల తూటానో ఎవలూ చెప్పలే. మీ కోసమే కొట్లాడుతున్నమని వాళ్లన్నరు. మీ కోసమే కాపలా ఉన్నమని వీళ్లన్నరు. గంతే. మొన్న మా కోడలు సంగీత ఫోన్ల చూపెట్టింది. ఒక పిల్ల చెవులు మూసుకొని గోడకు ఒరిగి కూసున్నది. ఏ దేశం పిల్లో నేను అడగలే."

ఇమ్మానుయేల్ ఆశీర్వాదం చెప్పి ఆరాధన ముగించాడు.

బయటికి రాగానే భూలక్ష్మి ఎదురొచ్చింది. ఏళ్లుగా సరోజ వెంట కూలికి వస్తున్న మనిషి. "అందరి ముంగట అయ్యగారికి ఎదురు చెప్తవా?" అని విసురుగా వెళ్లిపోయింది. మర్నాడు పనికి రాలేదు. నోరు జారానా అని సరోజ రోజంతా మథనపడింది.

యుద్ధం ఆగిందన్న వార్త వచ్చిన పొద్దున, సరోజ పత్తి గింజలు పెడుతుంటే ఇమ్మానుయేల్ ఆ చేను దగ్గరికి వచ్చాడు.

"ఆగిందట అక్కా. ఎన్ని రోజులో తెల్వదు గని, ఆగిందట."

"మంచిది అయ్యగారూ."

ఆయన కదల్లేదు. "మీ నాయినను ఏడ పెట్టిండ్రు?" అని నెమ్మదిగా అడిగాడు.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. సరోజ చేతిలోని గింజల సంచి పక్కామెకు ఇచ్చి, వాగు వైపు దారి తీసింది. అక్కడ రాయి లేదు, గుర్తు లేదు. తుమ్మచెట్లు మొలిచాయి. ఇమ్మానుయేల్ చెప్పులు విడిచి, ఎండిన మట్టిలో మోకరించాడు. దేశాల పేర్లేవీ ఎత్తలేదు. ఊళ్లో అడిగి తెలుసుకున్న మొగిలి పేరు ఒక్కటే పలికాడు.

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. ఆయన లేచి, ఆమె తేరుకునేదాకా పక్కనే నిలబడ్డాడు.