రాయిలో నూనె బొట్లు

ప్రయోగశాలలో అందరూ ఆమెను రాళ్ళక్క అంటారు. చమురు బావుల లోతుల్లోంచి తీసిన ఇసుకరాయిని పల్చటి పలకలుగా కోయించి, పొద్దస్తమానం మైక్రోస్కోపులో చూడటం ఆవిడ పని. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎడమ కన్ను మూసి, తనలో తనే ఏదో గొణుక్కుంటుంది. ఏళ్ళ తరబడి ఆవిడ మాట ఒకటే: ఇసుక రేణువుల సందుల్లోకి నూనె ముందే చేరితే నీటికి చోటుండదు, నీరు లేనిదే సందుల్ని పూడ్చే స్ఫటికం పేరుకోదు, రాయి గుల్లగానే మిగిలి చమురు దండిగా దొరుకుతుంది. "నూనె ఉన్నా స్ఫటికం పెరుగుతుందక్కా" అన్న పక్కగది సహోద్యోగిని నలుగురిలో కడిగేసి, ఆనాటి నుంచి అతనితో మాటలు మానేసింది.

నిన్న కొత్త పలక మీద అతినీలలోహిత కాంతి వేయగానే, రేణువు చుట్టూ పెరిగిన స్ఫటికం లోపల నూనె బొట్లు మిణుగురుల్లా వెలిగాయి. అంటే నూనె చేరాకే స్ఫటికం పెరిగి, దాన్ని తనలో బంధించుకుంది. ఆవిడ మాట మీదే కొత్త బావికి చోటు గుర్తించారు. పలక తుడిచి మళ్ళీ చూసింది. బొట్లు అక్కడే ఉన్నాయి. లేచి పక్కగది గుమ్మంలో నిలబడింది.

"తమ్ముడూ, నేను పట్టిన కుందేలుకి నాలుగో కాలు కనబడింది. వచ్చి చూడు."

అతను చూసి నసిగాడు. "ఒక్క పలకేగా అక్కా. చూడనట్టు ఊరుకోకూడదూ?"

"కళ్ళారా చూశాక ఊరుకుంటే, ఇన్నాళ్ళూ చూసిందంతా అబద్ధమైపోదూ?"

పై అధికారికి ఫోను తనే చేసింది. "ఆ బావి తవ్వకం ఆపండి. నేను పొరబడ్డాను." ఫోను పెట్టేసి, మైక్రోస్కోపు ముందున్న తన కుర్చీని అతని వైపు జరిపింది.