అమ్మ చూడని పూలజడ

మొన్న భీమవరంలో మా మనవరాలి పెళ్లికి, ముస్తాబు చేయడానికొచ్చిన అమ్మాయి ప్లాస్టిక్ డబ్బాలోంచి పూలజడ తీసి బల్ల మీద పెట్టేసరికి, గదిలో అందరూ ఫొటోలకి ఎగబడ్డారు గానీ, నేను మాత్రం గోడ పక్కకి జరిగి నిలబడ్డానండి. ఆయన పోయి ఆరేళ్లయింది, ఇలాంటిచోట ఎక్కడ నిలబడాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మనవరాలు అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మమ్మా, మీ అమ్మగారు జడలు కట్టేవారట కదా, ఇది నువ్వే పెట్టు" అంది. నేను పెట్టకూడదే తల్లీ, అన్నాను.

నాకు పదేళ్లప్పుడు నాన్న పోయారు. పెనుగొండ బజారులో మా కొట్టు బాబాయి చేతికి వెళ్లింది, అమ్మకి మిగిలింది వెనక వీధిలో ఒక వంటిల్లూ, ఒక వసారా, నేనూ. పుట్టింట్లో సరదాకి నేర్చుకున్న పూలజడే ఆ తరవాత మా ఇద్దరికీ అన్నం పెట్టింది. కడియం వైపు నుంచి తొలి బస్సులో పూలబుట్ట వచ్చేది. మొగ్గ విచ్చితే జడ పాడైనట్టే కాబట్టి, అమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, అరటిదొప్ప మీద మొగ్గ పక్కన మొగ్గ పెట్టి కుట్టుకుంటూ, మధ్యలో కనకాంబరాలు, అంచున మరువం అమరుస్తూ, పెళ్లివారి దగ్గర నుంచి కబురొచ్చేలోగా ముగించేది. సూదిపోట్లకి వేళ్ల కొసలు పుండ్లు పడి, చారన్నం కలుపుకోవాలంటే ప్రాణం పోయేది పాపం.

జడ కావాలి అందరికీ, అమ్మ మాత్రం కూడదు. తడిగుడ్డ కప్పిన పళ్లెం నేనే పట్టుకెళ్లేదాన్ని, వాళ్లు గుమ్మంలోనే పసుపునీళ్లు చల్లి మరీ లోపలికి తీసుకునేవారు. ఇంటికి రాగానే అమ్మ అడిగేది, పిల్ల పొడుగా పొట్టా, జడ నడుం దాటిందా, కుచ్చులు బాగా ఊగాయా అని. నేను చెబుతుంటే సూది పక్కన పెట్టి వినేది. ఊరందరి ఆడపిల్లలకీ కట్టిన మనిషి, తను కట్టిన జడ ఒక్క పెళ్లికూతురి వీపు మీద చూసి ఎరగదు.

నా పెళ్లికి కన్యాదానం బాబాయీ పిన్నీ చేశారు. అమ్మ నోరు తెరిచి అడిగింది ఒక్కటే. "పీటల మీదకెళ్లేముందు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, ఒక్కసారి అటు తిరిగి నిలబడవే, జడ చూసుకుంటాను." సరేనన్నాను. అమ్మ కట్టిన జడ పిన్ని పెట్టింది. గదిలోంచి బయటికొస్తే వంటింటి తలుపు పది అడుగులు కూడా లేదు, తలుపు చాటున అమ్మ చీరకొంగు కనబడుతూనే ఉంది. మేనత్త నా మోచెయ్యి పట్టుకుని, "అటు చూడకు, ఎదురొస్తుంది" అంది. తప్పు మేనత్త మీదకి తోసెయ్యడం సులువు, ఇన్నేళ్లూ తోసేశాను కూడా. నిజం చెప్పాలంటే నాకే భయమేసింది. కట్టుకోబోయేవాడికి ఏమవుతుందోనని, కన్నతల్లిని చూసి భయపడ్డాను. తల దించుకుని పందిట్లోకి వెళ్లిపోయాను.

అప్పగింతలప్పుడూ ఎవరూ అమ్మని పిలవలేదు. పెళ్లయిన మూడో నెల్లో పుట్టింటికి వెళ్తే, "జడ జారలేదు కదే?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇంకో రెండేళ్లు అందరి పిల్లలకీ జడలు కట్టి, ఓ వానాకాలం జ్వరంతో పోయింది. తప్పయిందమ్మా అనడానికి నాకు నోరు రానేలేదు. అంత జాగ్రత్తపడ్డానా, ఆరేళ్లకిందట ఆయనా పోయారు, ఎవరు ఎదురొచ్చారనీ?

మనవరాలు ఊరుకుంటేనా! "ఎందుకు కూడదు?" అంటూ వచ్చి నా ముందు వీపు పెట్టి కూర్చుంది. "పెట్టమ్మా, టైమైపోతోంది" అని మా అమ్మాయి విసుక్కుంది. జడ పెట్టి, పిన్నులు గుచ్చాను. ఎవరూ అడ్డు చెప్పలేదండి, మా అమ్మాయికి కాబోయే వియ్యపురాలు కూడా ఫోను చూసుకుంటూ కూర్చుంది. రోజులు మారాయి, సంతోషమే. ఇంత తేలికని ఆ రోజు నాకు ఒక్కరైనా చెప్పలేదే!

"ఎలా ఉంది అమ్మమ్మా?" అంటూ మనవరాలు లేచి, అటు తిరిగి నిలబడింది. ఆ రోజు మా అమ్మ నన్ను అడిగిందీ ఇంతే.