ఏడవకూడని బిడ్డ

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండలు మండిపోయే మే నెలలో, కర్నూలులోని ఒక పిల్లల ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేరాను. బిడ్డ బతికితే సర్జన్‌కు దండం పెడతారు, మత్తు డాక్టరు ముఖం ఎవరికీ గుర్తుండదు. నాకది అలవాటే.

బనగానపల్లె నుంచి ముందురోజు పుట్టిన మగబిడ్డను తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఎక్స్‌రేలో ఛాతీ ఎడమవైపంతా నల్లగా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే అలాగే కనిపిస్తుంది, గొట్టం వేసి తీసేస్తాం. కానీ ఆ నలుపులో సన్నటి గీతలు కనిపించి సర్జన్ ఆగారు. సీటీ తీస్తే, ఊపిరితిత్తి కింది భాగంలో పుట్టుకతోనే వచ్చిన, గాలి నిండిన తిత్తుల గుత్తి బయటపడింది. చాలా అరుదైన జబ్బు. ఆ భాగాన్ని కోసి తీసేయడమే వైద్యం.

మామూలుగా మత్తిచ్చాక మేమే సంచి నొక్కి గాలి ఎక్కిస్తాం. ఇక్కడ అలా చేస్తే గాలి తిత్తుల్లో చిక్కుకుని, అవి ఉబ్బి గుండెను నెట్టేస్తాయి. ఛాతీ తెరిచేదాకా బిడ్డ తన శ్వాస తానే తీసుకోవాలి. గట్టిగా ఏడ్చినా అదే ప్రమాదం.

థియేటర్ తలుపు దగ్గర బిడ్డ తాత అడ్డం వచ్చాడు. మామిడితోటలు గుత్తకు పట్టే మనిషి.

"అమ్మా, బిడ్డ చెవిలో అజాన్ చెప్పల్యా. పుట్టంగానే ఆసుపత్రుల చుట్టూ తిరిగితిమి. ఒక్క రవ్వ ఆగు తల్లీ."

పుట్టిన బిడ్డ చెవిలో మొదటగా నమాజు పిలుపు వినిపించడం వాళ్ల ఆచారం. నాకు ఒళ్లు మండింది. గట్టిగా చెబితే బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తాడని, ఏడిస్తే ప్రాణం మీదికి వస్తుందని కసిరాను. ఆయన తలూపి, బిడ్డ కుడిచెవి దగ్గరకు వంగి, నాకే సరిగా వినపడనంత మెల్లగా చెప్పాడు. బిడ్డ ఏడవలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే కడుపులో ఉన్నప్పుడే ఆ తిత్తులు నొక్కేయడంతో కుడి ఊపిరితిత్తి కూడా సరిగా ఎదగలేదు. మర్నాడు సాయంత్రం బిడ్డ పోయాడు. నాకు చాలా బాధేసింది.

బిడ్డను తీసుకెళుతూ తాత నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "నేను చెప్పింది విన్యాడా తల్లీ?" అని ఒక్కటే అడిగాడు.

విన్నాడని చెప్పాను. విన్నందుకు ఊరుకున్నాడో, ఏడ్చే ఓపిక లేక ఊరుకున్నాడో నాకు తెలియదు.

ఆ తర్వాత పసిబిడ్డను థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు, చేయాల్సిందేమైనా మిగిలిందా అని ఇంట్లోవాళ్లను అడిగేదాన్ని. చాలామంది లేదనేవారు. ఒక తల్లి మంత్రాలయం నుంచి తెచ్చిన మంత్రాక్షతలు బిడ్డ పాదాలకు తాకించింది. అడగడానికి పట్టే సమయం, సిరంజిలోకి మందు ఎక్కించడానికి పట్టేదానికంటే తక్కువ.